అప్పను అడగండి: తాళంచెవి ఎవరి కొంగున ఉంది?

ఈ నెల ఉత్తరాలు కొన్ని వాట్సాప్‌లో వచ్చాయి. రెండు మా షాపు కౌంటరు మీద కాగితం ముక్కల మీద రాసి పెట్టి వెళ్లారు. ఒకటి పాతపట్నం నుంచి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపారు. కొత్తగా చదివేవాళ్లకు ఒక్క మాట: మా వైపు అక్కను అప్ప అంటారు. పర్లాకిమిడిలో నాది డీటీపీ షాపు. పెళ్లికార్డులు, దరఖాస్తులు, జిరాక్స్, రబ్బరు స్టాంపులు. తెలుగు టైపు మిషను మీద మొదలుపెట్టినదాన్ని, ఇంజనీర్ని కాను. ఇక్కడ రాసేదంతా కౌంటరు వెనక నిలబడి చూసింది, రాత్రి షట్టరు దించాక చదివింది.

అప్పా, మీ శీర్షిక కంప్యూటర్ల గురించి అని తెరుస్తాను. మీరేమో ప్రతి నెలా ప్రభుత్వం, చట్టం, అమెరికా అంటారు. సాఫ్ట్‌వేర్‌కీ రాజకీయాలకీ ఏటి సంబంధం?
ఒక వస్త్ర వ్యాపారి, బరంపురం

బాబూ, పట్టుచీర మీద పన్ను ఎంతో ఢిల్లీలో తేలుతుంది. మీ దుకాణంలో పట్టుచీరకూ రాజకీయానికీ సంబంధం లేదని మీరంటారా?

గుజరాత్‌లోని వాడినార్‌లో నయారా ఎనర్జీ అనే కంపెనీకి పెద్ద చమురు శుద్ధి కర్మాగారం ఉంది. అందులో రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కు దాదాపు సగం వాటా. ఆ కారణంగా 2025 జులై 18న యూరోపియన్ యూనియన్ నయారా మీద ఆంక్షలు పెట్టింది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిలూ, ఇతర సేవలూ ఆపేసింది. అప్పు పెట్టి ఎగ్గొట్టినవాళ్లు కాదు, డబ్బు కట్టి వాడుకుంటున్నవాళ్లు. నయారా ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది, ఆ నెలాఖరుకు సేవలు తిరిగొచ్చాయి. మన గడ్డ మీద, మన కరెంటుతో నడిచే ఆఫీసులో ఉద్యోగి మెయిలు తెరుచుకోవాలా వద్దా అన్నది సముద్రాలవతల తీర్మానం మీద ఆధారపడింది. దీన్ని రాజకీయం అనకపోతే ఏమనాలో మీరే చెప్పండి.

మరి ఓపెన్ సోర్స్ వాళ్లు, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టి ఎవరైనా వాడుకుని మార్చుకోనిచ్చేవాళ్లు, దీనికి అతీతులా అంటే, కాదు. నేను మోసే పల్లకీలో కూడా బొద్దింకలున్నాయి. విండోస్‌లా కంప్యూటర్‌ను నడిపించే ఓపెన్ సోర్స్ వ్యవస్థ లినక్స్, దాని గుండెకాయ కెర్నెల్. 2024 అక్టోబరులో ఆ కెర్నెల్ నిర్వాహకుల జాబితా నుంచి దాదాపు డజను మంది రష్యన్లను తీసేశారు. అదీ ఆంక్షల పేరు చెప్పే. లినక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఆ నిర్ణయాన్ని గట్టిగా సమర్థించాడు. నాకు ఆ పద్ధతి నచ్చలేదు. ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి పేరు కొట్టేసేటప్పుడు కనీసం ఒక మంచి మాట చెప్పాలి. అయితే ఒక తేడా ఉంది. వాళ్ల పేర్లు పోయాయి గానీ, రష్యాలో నడుస్తున్న లినక్స్ యంత్రం ఒక్కటీ దానివల్ల ఆగలేదు. కోడ్ ఎవరి దగ్గరున్నది వాళ్ల దగ్గరే ఉంది.

ఇప్పుడందరూ స్వదేశీ యాప్ వాడండి అంటున్నారు. మంత్రులే జోహోకి మారారు. మీరు ఇన్నాళ్లుగా చెబుతున్నది ఇదే కదా? సంతోషమేనా?
ఒక బ్యాంకు ఉద్యోగి, రాయగడ

సగం సంతోషం. జోహో వాళ్లలా తమిళనాడులోని తెన్‌కాశి లాంటి చోట కూర్చుని ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ అమ్మడం చిన్న విషయం కాదు. జోహో స్థాపకుడు శ్రీధర్ వెంబు మాటలన్నీ నాకు నచ్చవు గానీ, ఆ పని మాత్రం నచ్చింది. చిన్న ఊళ్లో ఉంటే చిన్న పనే చెయ్యాలన్న రూలు లేదని చూపించారు.

కానీ స్వదేశీ వేరు, స్వేచ్ఛ వేరు. ఈ రెండింటినీ ఒకే సంచిలో వేసి తూకం వేస్తున్నారు. జోహో సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాదు. దాని లోపల ఏముందో మీరూ నేనూ చూడలేం, రేపు వాళ్లు ధర పెంచితే ఆ కోడ్ తీసుకుని పక్క వీధిలో ఇంకొకరు నడపలేరు. అద్దె ఇంటి యజమాని పరాయి ఊరివాడైతే ఏంటి, మన కులంవాడైతే ఏంటి? అద్దె అద్దే, ఖాళీ చెయ్యమంటే ఖాళీ చెయ్యాల్సిందే.

2025 సెప్టెంబరు చివర జోహో వాళ్ల అరట్టై అనే సందేశాల యాప్ కోసం అందరూ ఎగబడ్డారు. తమిళంలో అరట్టై అంటే ముచ్చట్లు. మా షాపుకొచ్చే పిల్లలు కూడా "అప్పా, ఇది దేశభక్తి యాప్" అని నా ఫోన్లో వేశారు. అప్పటికి దాంట్లో రాసుకునే సందేశాలకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఇంకెవరూ చదవలేని తాళం, లేదు. వాట్సాప్‌కు 2016 నుంచే ఉంది. ఆ మాట చెబితే ఒక కుర్రాడు నన్ను దేశద్రోహి లెక్కలో చూశాడు. వాడి ఐటీఐ దరఖాస్తు ఫారం నేనే నింపాను, పోనీలెండి.

ఇంకొకటి. కూ అని పసుపు పిట్ట బొమ్మతో ఒక యాప్ వచ్చింది గుర్తుందా? ట్విట్టర్‌కు మన జవాబు అన్నారు, ప్రభుత్వ శాఖలే ఖాతాలు తెరిచాయి. 2024 జులైలో మూసేశారు. దాన్ని నమ్ముకుని రాసినవాళ్లు ఇంకో గుమ్మం వెతుక్కోవాల్సి వచ్చింది. అదే ఓపెన్ సోర్స్‌లో ఏం జరిగిందో చూడండి: 2010లో సన్ కంపెనీని ఒరాకిల్ కొనేసింది, ఓపెన్ ఆఫీస్ గతి ఏమవుతుందో తెలియలేదు. అందులో పనిచేసేవాళ్లు కోడ్ పట్టుకుని బయటికొచ్చి లిబ్రే ఆఫీస్ అని పేరు పెట్టుకున్నారు. ఈ శీర్షిక నేను అందులోనే టైపు చేస్తున్నాను. అన్నదమ్ములు విడిపోయినప్పుడు పొయ్యి పంచుకున్నంత తేలిగ్గా జరిగిపోయింది.

మా బడిలో ఆరు కంప్యూటర్లున్నాయి. అన్నిట్లో విండోస్ 10. 2025 అక్టోబరుతో దాని పని అయిపోయిందట. అమ్మినవాడు "మొత్తం మార్చెయ్యాలి మాస్టారూ" అంటున్నాడు. మార్చాలా?
ఒక ఉపాధ్యాయుడు, గుణుపురం దగ్గర

మాస్టారూ, ముందు ఆ అమ్మినవాడికి టీ ఇప్పించి పంపించెయ్యండి.

అక్టోబరు 14న జరిగిందేమిటంటే, విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. యంత్రం చావలేదు. మందులు ఆపేశారు, అంతే. ఇంటి వాడకందార్లకు మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది గడువిచ్చింది, 2026 అక్టోబరు దాకా. ఆ తర్వాత విండోస్ 11 వేసుకుందామంటే అది టీపీఎం 2.0 అనే చిప్ ఉండాలంటుంది, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో కావాలంటుంది. మీ బడి యంత్రాలు మీరు పంపిన ఫొటో బట్టి నాలుగో తరం ఐ3. కాబట్టి కుదరదు. బాగా నడుస్తున్న ఎద్దుని, కొమ్ముల కొలత సరిపోలేదని సంతకు తోలినట్టుంది వ్యవహారం.

నేను చేసింది చెబుతాను. మా షాపులో అలాంటిదే ఒకటి ఉంది, 4 జీబీ ర్యామ్. దాంట్లో పాత హార్డ్ డిస్క్ పీకి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేశాను. లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఒకటుంది, అది పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించి పెట్టాను. టీ చల్లారేలోపు ఇన్‌స్టాల్ అయింది. ఇంతకుముందు ఆన్ చేసి, దేవుడికి దీపం పెట్టుకుని వస్తే గానీ తెర కనిపించేది కాదు. ఇప్పుడు కుర్చీ లాక్కునేలోపు వస్తోంది. తెలుగు, ఒడియా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులు రెండూ సెట్టింగ్స్‌లోనే ఉంటాయి, కొనక్కర్లేదు. రెంటిలోనూ "క" ఒకే మీట మీద ఉంటుంది. మీ బడిలాంటి చోట, ఒక బల్ల మీద ఒడియా పిల్ల, పక్కన తెలుగు పిల్లవాడు కూర్చునే చోట, దీనికి మించిన సౌకర్యం లేదు.

ఇబ్బంది పెట్టింది ప్రింటరు. మూడు రోజులు తిప్పలు పెట్టింది, నాలుగో రోజు ఇంకో కంపెనీ ప్రింటరు తెచ్చి తగిలిస్తే ఏమీ అడక్కుండా పనిచేసింది. కాబట్టి ముందు ఒక్క కంప్యూటర్ మీద చెయ్యండి. దాన్ని లైవ్ మోడ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, ప్రింటరూ వైఫై చూసుకోండి. సరిపోతే మిగతా ఐదూ.

పై అధికారులు "లినక్స్ ఎవరు వాడతారు" అంటే, కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి దానిమీదే నడుస్తున్నాయని చెప్పండి. ఇంకా వినకపోతే, కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వమని విధానం ప్రకటించిందని చెప్పండి. అది చాలా ఆఫీసుల్లో బీరువా పై అరలో ఉంది.

అప్పా, ఓపెన్ సోర్స్ అంటే జీతం లేనివాళ్లు ఖాళీ టైంలో రాసేది. ఎవడైనా దూరి విషం కలపొచ్చు కదా? ఎక్స్‌జెడ్ గొడవ గురించి మా సార్ చెప్పారు. అదే ఉదాహరణ అన్నారు.
ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, గుణుపురం

తమ్ముడూ, మీ సార్ సగం కథ చెప్పి గంట కొట్టారు.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న సాధనం. దాన్ని ఏళ్లుగా లాసె కొలిన్ అనే ఆయన దాదాపు ఒక్కడే చూసుకునేవాడు. తన మానసిక ఆరోగ్యం బాగా లేదని కూడా రాశాడు. ఆ సమయంలో జియా టాన్ అన్న పేరుతో ఒకరు వచ్చి, చిన్న చిన్న సవరణలు పంపుతూ రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించారు. పక్క నుంచి ఇంకొన్ని పేర్లు "ఎందుకింత ఆలస్యం, బాధ్యత ఇంకొకరికి ఇవ్వరాదా" అని పెద్దాయన్ని పోరు పెట్టాయి. చివరికి తాళాలు జియా టాన్ చేతికొచ్చాయి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 రకాల్లో దొంగ తలుపు పెట్టేశారు. అది గనక అన్ని సర్వర్లలోకి చేరి ఉంటే, ప్రపంచంలో లెక్కలేనన్ని యంత్రాల్లోకి మారు తాళంతో నడిచి వెళ్లొచ్చు.

ఎలా దొరికింది? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేస్ పనివాడు తన యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే దారిలో, వెళ్తుంటే అర సెకను ఆలస్యం అవుతోందని గమనించాడు. అర సెకను! మా షాపులో సర్వర్ డౌన్ అని అర పూట కూర్చునేవాళ్లకు ఇది పురాణంలా ఉంటుంది. ఆయన ఊరుకోలేదు. ఎక్కడ ఆలస్యం అవుతోందో తవ్వుకుంటూ పోయి, మార్చి 29న బయటపెట్టాడు. ప్రధాన లినక్స్ రకాల్లో అది ఇంకా పరీక్ష దశలోనే ఉంది, ఎక్కువమంది సామాన్యులకు చేరలేదు.

ఆయన ఎక్స్‌జెడ్ మనిషి కాదు, ఎవరి అనుమతీ అడగలేదు. కోడ్ బయట ఉంది కాబట్టి తవ్వగలిగాడు. అదే మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్‌లో అర సెకను ఆలస్యమైతే మనం ఏం చేస్తాం? కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తాం, వాళ్లు రీస్టార్ట్ చెయ్యమంటారు.

జీతం ఉన్నవాళ్లు రాస్తే విషం ఉండదని మీ సార్ నమ్మకమైతే, 2024 జులై 19 గుర్తు చెయ్యండి. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అందులో కుట్ర లేదు, ఉత్త పొరపాటే. జీతాలు మాత్రం బాగా ఉండేవి.

నాకు ఇందులో బాధ అనిపించింది వేరే. కొలిన్ ఒంటరిగా ఉన్నాడు. ఆయన కోడ్‌ను వాడుకుని కోట్లు గడించిన కంపెనీల్లో ఒక్కటీ "ఎలా ఉన్నావయ్యా" అని అడిగినట్టు నేనెక్కడా చదవలేదు. జియా టాన్ ఎవరో ఇప్పటికీ తేలలేదు గానీ, ఆ మనిషి మాత్రం సాయానికి వచ్చాడు. దొంగే ముందుగా పలకరించిన ఇల్లది. మీరు నిజంగా ఈ రంగంలోకి వస్తే, మీరు వాడే చిన్న సాధనం ఏదో ఒకటి ఎంచుకుని, దాని తెలుగు అనువాదమో, సహాయ పుటో రాసి పంపండి. దానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. నేనూ లిబ్రే ఆఫీస్ మెనూలో తప్పు తెలుగు చూసి రెండు మాటలు రాసి పంపాను. ఒకటి తీసుకున్నారు, ఒకటి తీసుకోలేదు.

తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను చంపేసిందట, నిజమేనా? మా అన్నయ్య నమ్మట్లేదు.
తొమ్మిదో తరగతి అమ్మాయి, పర్లాకిమిడి

నిజమే తల్లీ. పందెం కాసి ఉంటే వసూలు చేసుకో. 2018 ఫిబ్రవరిలో జరిగింది. జ్ఞ, మధ్యలో కనిపించని ఒక గుర్తు, ఆ తర్వాత దీర్ఘం, ఈ వరసలో వచ్చిన "జ్ఞా" అనే ముక్క మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలిపోయేది. అక్షరాలను పేర్చి గీసే భాగంలో లోపం. వారంలోపే ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అజ్ఞానంతో పడిపోయేవాళ్లను చూశాం గానీ, జ్ఞానంతో పడిపోయింది అదొక్కటే.

నా ఇల్లు ఒడిశాలో, పొలం ఆంధ్రాలో. ఆంధ్రా ప్రభుత్వం వాట్సాప్‌లో సేవలిచ్చే మన మిత్ర వచ్చాక పాతపట్నం ఆఫీసుకు తిరగడం తగ్గింది. ఒడిశా సేవలన్నీ కూడా ఇలా వాట్సాప్‌లో ఉంటే ఎంత బావుణ్ణు. మీరేమంటారు?
ఒక రైతు, పాతపట్నం పొలిమేర

మామయ్యా, తిరుగుడు తగ్గితే నాకూ సంతోషమే. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైంది అది. నా దగ్గరికొచ్చే ఆంధ్రా గిరాకీ కొంత తగ్గింది కూడా, ఆ మాట దాచను.

నా పేచీ వాట్సాప్‌తో. ప్రభుత్వ కిటికీ ఒక అమెరికా కంపెనీ గోడకు పెట్టారు. ఆ గోడ రేపు రంగు మార్చుకుంటే? మీ నంబరు ఏ కారణంతోనో బ్లాక్ అయితే? అప్పుడు మీరు తహసీల్దారుకు మొరపెట్టుకుంటారా, వాట్సాప్ యజమాని మెటాకా? ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 2019లో చాప్ అనే సొంత యాప్ తెచ్చుకుంది, మాట్రిక్స్ అనే ఓపెన్ పద్ధతి మీద కట్టుకున్నది. మనవాళ్లకు చేతకాదని కాదు. వాట్సాప్ మీద ముందే జనం ఉన్నారు, సంత ఉన్న చోటే కొట్టు పెట్టారు. అర్థమవుతుంది. కానీ వాట్సాప్ లేనివాళ్లకు రెండో తలుపు అంతే వెడల్పుగా ఉండాలి.

ఇలాంటి వాటిల్లో అరిస్తే పని జరుగుతుందని మాత్రం గమనించాను. ఆరోగ్య సేతు కోడ్ చూపించమని 2020లో గోల చేస్తే, మే నెలలో ఆండ్రాయిడ్ కోడ్ బయటపెట్టారు. 2025 నవంబరు 28న ప్రతి కొత్త ఫోన్‌లో సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్ ముందే వేసి ఇవ్వాలని ఆదేశం ఇచ్చారు. జనం గగ్గోలు పెట్టారు, డిసెంబరు 3న వెనక్కి తీసుకున్నారు. ఆ యాప్ చెడ్డదని కాదు, పోయిన ఫోన్ వెతకడానికి నేనే ఇద్దరికి వేసిచ్చాను. అడిగి వెయ్యాలి, అంతే.

మా అత్తగారి పేరు ఎల్లమ్మ. ఆధార్‌లో ఒడియాలో రాసింది చూసి ఆంధ్రాలో పింఛను దగ్గర "ఏల్లమ్మా ఎవరు" అన్నారు. మా ఆయన పేరు వెంకటరమణ, ఒక కాగితంలో "భేంకట" అని పడింది. ఈ కంప్యూటర్లకు మా మీద కోపమా?
ఒక గృహిణి, కాశీనగర్

కోపం కాదు చెల్లీ, ఖాళీ గది. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి, కాస్త పెద్దగా చెబుతాను.

కంప్యూటర్ లోపల ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్యో చెప్పే ప్రపంచ ప్రమాణం యూనికోడ్. అందులో ఒడియా "క" సంఖ్య 2837. తెలుగు "క" సంఖ్య 3093. తేడా 256. ఇప్పుడు ఒడియా "మ" తీసుకుని 256 కలిపితే తెలుగు "మ" వస్తుంది. "ర"కు కలిపితే "ర". మన లిపులన్నీ అన్నదమ్ములని గుర్తించి, అంతకుముందున్న ఇస్కీ అనే భారత ప్రమాణం చూసి, ఇళ్లన్నీ ఒకే నమూనాలో కట్టారు. వంటగది పక్కన దేవుడి గది, అన్ని ఇళ్లలోనూ. అందుకే ఒక లిపి నుంచి ఇంకో లిపికి మార్చడం కూడికంత తేలిక.

కానీ ఒడియాలో పొట్టి "ఎ" లేదు. తెలుగులో 3086వ గదిలో "ఎ", 3087లో "ఏ" ఉన్నాయి. ఒడియా ఇంట్లో 2830వ గది ఖాళీ, 2831లో "ఏ" ఒక్కటే. మీ అత్తగారి "ఎ" ఆ ఇంట్లోకి వెళ్లగానే పక్క గదిలో పడుకోవాల్సి వచ్చింది. తిరిగి తెలుగులోకి వచ్చేసరికి ఏల్లమ్మ అయి వచ్చింది. "వ" సంగతీ అలాంటిదే. మన "వెం"ను ఒడియాలో చాలామంది "భ"తో రాస్తారు. 256 కూడితే భేంకట. తప్పు ఎవరిదీ కాదు, అదే గొడవ. తప్పు ఎవరిదో ఉంటే దిద్దించొచ్చు.

నేనైతే తప్పు పట్టేది ఒక్కచోటే. పేరు మీది. మిమ్మల్ని అడిగి రాయాల్సింది పోయి, ఇంగ్లీషులో కొట్టి మెషీన్‌కు వదిలేస్తున్నారు. ఎన్‌రోల్‌మెంట్ దగ్గర తెర మీ వైపు తిప్పి చూపించాలి. చూపించకపోతే అడగండి. ఒడియా అక్షరాలు మీకు రాకపోతే బడికెళ్లే పిల్లను వెంట తీసుకెళ్లండి.

ప్రస్తుతానికి: రెండు రాష్ట్రాల కాగితాల్లోనూ ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉందో చూసుకోండి. సరిపోల్చేటప్పుడు దాన్నే చూడమని అడగండి. అందులోనూ తేడా ఉంటే అఫిడవిట్ తప్పదు. అది నోటరీ దగ్గర, నా దగ్గర టైపింగ్ మాత్రమే. ఇరవై రూపాయలు.

మా సవర అక్షరాలు ఫోన్‌లో డబ్బాలుగా కనిపిస్తున్నాయి. మా లిపి కంప్యూటర్‌లో లేదా?
ఒక యువకుడు, గుణుపురం కొండ పక్క ఊరు

ఉంది తమ్ముడూ, 2012 నుంచి ఉంది. సవరనే సోరా అని కూడా అంటారు కదా, మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన మీ సోరా సోంపెంగ్ లిపిని యూనికోడ్ 6.1లో చేర్చారు. ఫోన్‌లో ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. ఆ డబ్బాలకు టోఫు అని ముద్దుపేరు. ఆ టోఫు ఉండకూడదనే గూగుల్ నోటో అనే ఫాంట్ల వరస తయారు చేయించి, ఎవరైనా ఉచితంగా వాడుకునే, మార్చుకునే లైసెన్సుతో విడుదల చేసింది. "నోటో సాన్స్ సోరా సోంపెంగ్" అని వెతికి దించుకోండి. కంప్యూటర్‌లో వెంటనే పనిచేస్తుంది. ఫోన్‌లో మోడల్‌ను బట్టి పేచీ పెట్టొచ్చు, ఒకసారి షాపుకు తీసుకురండి, చూద్దాం.

అన్నట్టు, అదే 1936లో ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు ఇటు వచ్చింది. సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాసిన గిడుగు రామమూర్తి గారు ఆ ఏడే పర్లాకిమిడి వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఒక మనిషి మీ భాష కోసం జీవితం పెట్టి ఊరు వదిలిన సంవత్సరమే, మీ మనిషి మీ అక్షరాలు మీకు ఇచ్చాడు. నాకు ఈ రెండూ ఒకే ఏడు జరిగాయని తెలిసిన రోజు, పని మానేసి చాలాసేపు కూర్చున్నాను.

ఇరవై ఏళ్లుగా రాసిన పద్యాలు, వ్యాసాలు సీడీల్లో ఉన్నాయి. పాత తెలుగు ఫాంట్. కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే అంతా ఇంగ్లీషు గీతలు. దారి ఉందా? ఇంకో మాట, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని ఉపన్యాసాలిచ్చే మీ షాపులో పెళ్లికార్డులు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లోనే చేస్తున్నారని విన్నాను. నిజమేనా?
ఒక విశ్రాంత తెలుగు పండితులు, బరంపురం

నమస్కారం పంతులుగారూ. మీ రెండో ప్రశ్నకు తల వంచుకునే ముందు మొదటిది చూస్తాను.

నాకూ ఇది జరిగింది. అప్పట్లో అప్పు చేసి ఒక తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ కొన్నాను, కంపెనీ పేరు ఎందుకులెండి. దానితో బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క ఇచ్చారు, డాంగిల్. కంప్యూటర్ వెనక ప్రింటర్ తీగ పెట్టే చోట గుచ్చితేనే తెలుగు వస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మాకు గాలి కంటే నీళ్లు ఎక్కువ దెబ్బ తీశాయి. ముందురోజే హార్డ్ డిస్క్ పీకి అటక మీద పెట్టాను. డాంగిల్ మరిచిపోయాను. బురద కడిగి, ఎండబెట్టి, బియ్యం డబ్బాలో రెండు రోజులుంచి గుచ్చితే ఉలుకూ పలుకూ లేదు. ఫైళ్లన్నీ క్షేమం. ఒక్క అక్షరం చదవడానికి లేదు. ఇల్లు చెక్కు చెదరలేదు, తాళంచెవి మాత్రం కొట్టుకుపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే కొత్తది కొనుక్కోమన్నారు. నా చేత్తో కొట్టిన అక్షరాలు నేను చదువుకోవడానికి రెండోసారి డబ్బు!

మీ ఫైళ్లకు దారి ఉంది. పాత ఫాంట్లలో "అ" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరం పెట్టి, దానికి తెలుగు వేషం వేశారు. ఏ వేషం దేనికన్నది తెలిస్తే వెనక్కి మార్చొచ్చు. వెన్న నాగార్జున గారు చాలా ఏళ్ల కిందటే పద్మ అని ఒక ఓపెన్ సోర్స్ పరికరం దీనికోసమే రాశారు. ఆ దారిలో తర్వాత ఇంకా వచ్చాయి. మీ ఫైల్‌లో ఫాంట్ పేరేమిటో ముందు తెలియాలి. మార్చాక ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, ముఖ్యంగా క్ష, ర వత్తు. పద్యాలు కాబట్టి మీరే గణాలు సరిచూస్తూ దిద్దుకోవాలి, నా వల్ల కాదు. సీడీ చదవడం కుదరక అచ్చు ప్రతులే మిగిలితే స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను చదివే టెసరాక్ట్ అనే సాధనంతో చదివించొచ్చు. అదీ ఓపెన్ సోర్సే, తెలుగు వచ్చు.

ఇక పెళ్లికార్డులు. నిజమే. మూలన ఒక పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంది, నెట్ తీగ పీకేసి. దాంట్లో పేజ్‌మేకర్ 7, అది 2001 నాటిది. పేజీలు కూర్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ నేర్చుకున్నాను. 1.6 వచ్చాక తెలుగు ఒత్తులు కూడా చక్కగా కూర్చుంటున్నాయి. కరపత్రాలు, ఈ మధ్య ఒక దేవాలయం లెక్కల పుస్తకం దాంట్లోనే చేశాను. కానీ పెళ్లికార్డు దగ్గర "శ్రీరస్తు శుభమస్తు" అన్నది ఆ పాత ఫాంట్‌లో, ఆ లావు సున్నతోనే కావాలంటారు. పోయిన నెల ఒకాయన ఉచిత ఫాంట్‌లో చేసిన నమూనా చూసి, కార్డు దూరంగా పట్టుకుని, "బావుందమ్మా, కానీ ఇది మీటింగు నోటీసులా ఉంది, పెళ్లిలా లేదు" అన్నాడు. నేనూ పక్కన పాతది పెట్టి చూశాను. ఆయన అన్నది తప్పని చెప్పలేకపోయాను.

మీ సీడీలన్నీ తీసుకురండి, గీతలు పడ్డవి కూడా పారెయ్యకండి. మంగళవారం మాత్రం వద్దు, మా సందులో స్తంభాలు మారుస్తున్నారు, సాయంత్రం దాకా కరెంటు ఉండదు.